నల్లా వచ్చింది... నాయినమ్మ నీళ్లు తాగడం మానేసింది

ఎల్బీ నగర్‌లో దేవరకొండ బస్సెక్కితే ఇబ్రహీంపట్నం దాకా సిటీ మన వెంటే వస్తుంది. యాచారం దాటాకే ఊళ్లు మొదలు. మాల్ వచ్చేసరికి రోడ్డుకి రెండు పక్కలా గుండ్రాళ్లు, ఎవరో ఒకదాని మీద ఒకటి పేర్చి మర్చిపోయినట్టు. వాటి మధ్య పత్తి చేలు, అక్కడక్కడా బత్తాయి తోటలు. మాల్‌లో దిగి ఆటో పట్టుకుంటే మర్రిగూడ మండలంలో మా ఊరు.

ఆ రోజు నా ఒళ్లో ఒక అట్టపెట్టె ఉంది. అందులో గోడకి అతికించే ప్లాస్టిక్ హ్యాండిల్, రబ్బరు మ్యాట్, మనిషి కదిలితే వెలిగే బల్బు. మొత్తం ఫోన్లో పావుగంటలో ఆర్డర్ పెట్టేశాను. నాలుగు రోజుల కింద నాయినమ్మ బాత్రూమ్‌లో జారిపడింది. ఎడమ మణికట్టు విరిగి పట్టీ వేశారు. తుంటి ఎముక బతికిపోయింది. డాక్టరుగారు నాన్నతో అన్నారట, "ఈసారి చెయ్యి. మళ్లోసారి తుంటి అయితే మంచమే" అని. నాన్న ఫోన్లో చెప్పింది ఈ ఒక్క మాటే. నాకు రెండు రాత్రులు నిద్రపట్టలేదు.

మా ఊరు ఎక్కడ అని ఎవరైనా అడిగితే మర్రిగూడ అంటాను. వెంటనే "ఓ, ఫ్లోరైడ్ ఏరియానా?" అంటారు. అవును, ఆ ఏరియానే. ఇందాక చెప్పిన గుండ్రాళ్లు చూడ్డానికి బాగుంటాయి కానీ కథంతా వాటిలోనే ఉంది. ఆ రాతిలో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలుంటాయి. బోరు నీళ్లు ఏళ్ల తరబడి రాతి పగుళ్లలో నిలిచి ఆ ఫ్లోరైడ్‌ని కరిగించుకుంటాయి. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మా పక్క నీళ్లు ఆ గీతను ఎప్పుడో దాటేశాయి. దీనికి రంగుండదు, వాసనుండదు. ముందు పళ్లు పసుపెక్కుతాయి. తర్వాత కీళ్లు పట్టేస్తాయి. ఎముకను ఎముకతో కట్టి ఉంచే నరాల్లాంటి తాళ్లు కూడా ఎముకలా గట్టిపడతాయి. వెన్ను వంగదు, మోకాలు ముడుచుకోదు. మొదట్లో అచ్చం కీళ్లవాతంలాగే ఉంటుంది కాబట్టి చాలామంది నొప్పుల గోళీలు వేసుకుంటూనే ఏళ్లు గడిపేశారు.

1955లోనే డాక్టర్ సిద్దిఖీ అనే ఆయన నల్గొండ ఫ్లోరోసిస్ మీద బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం రాశారు. 1970లలో నాగ్‌పూర్‌లోని నీరి శాస్త్రవేత్తలు పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టి, దానికి 'నల్గొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. ఆ పేరు టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది. టెక్నిక్ ఆఫ్రికా దాకా పోయింది గానీ మా నాయినమ్మ వాకిట్లోకి రావడానికి మాత్రం దానికి దారి దొరకలేదు. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో వాటర్ గ్రిడ్ పైలాన్ లేచింది. అదే తర్వాత మిషన్ భగీరథ అయింది. మా ఇంటి ముందు నల్లా పడింది, కృష్ణా నీళ్లొచ్చాయి. ఆ రోజు నాయినమ్మ మొదటి చెంబు తులసి కోటలో పోసింది. రెండో చెంబు తాగి, "సప్పగున్నయ్ రా" అంది. బోరు నీళ్లకి అలవాటు పడ్డ నాలుక కదా.

నీళ్లు మారాయి. డెబ్బై ఏళ్లు పాత నీళ్లు తాగిన కీళ్లు మారలేదు. నేను తీసుకెళ్తున్న అట్టపెట్టె ఆ కీళ్ల కోసం.

మా పెరట్లో మూలకి రెండు గదులున్నాయి. ఒకటి బాత్రూమ్, పక్కన సండాసు. స్వచ్ఛభారత్ కింద వచ్చిన 12,000కి నాన్న ఇంకొంత కలిపి రెండూ ఒకేసారి కట్టించాడు. పక్కనే గుంట ఉంది కాబట్టి గదుల్ని ఎత్తులో కట్టారు. రెండు మెట్లు, ఒక్కోటి ఏడంగుళాలు. ఇంకో సంగతి. హాల్లో వేసిన టైల్స్ మిగిలితే వాటిని పారేయడమెందుకని బాత్రూమ్ కింద పరిపించారు. మీ ఇంట్లోనూ ఇదే జరిగిందని నేను పందెం కడతా. హాల్ టైల్ అంటే అద్దంలా మెరుస్తుంది. దాని మీద సబ్బు నీళ్లు పడితే పడుచువాళ్లమే నిలబడలేం. అంతకుముందు నాయినమ్మ పెరట్లో షాబాద్ బండల మీద కూర్చుని, గోలెంలో నీళ్లు ముంచుకుని స్నానం చేసేది. ఆ గరుకు బండ మీద ఒక్కసారీ జారలేదు. మనం బాగుచేశాం, ఆమె పడింది.

నేను వెళ్లగానే హ్యాండిల్ అతికించాను. రెండు రబ్బరు గిన్నెల్లాంటివి గోడకి నొక్కి మీట తిప్పితే గాలి పోయి పట్టుకుంటుంది. వేలాడి చూశాను, ఊడలేదు. మ్యాట్ పరిచాను, బల్బు పెట్టాను. ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడితే పద్నాలుగు దండాలొచ్చాయి.

తెల్లారి నేను స్నానం చేస్తూ అలవాటుగా హ్యాండిల్ పట్టుకుంటే అది నా చేతిలోకొచ్చింది. గోడకి బోరు నీళ్ల తెల్లపొర ఉంది. దాని మీద రబ్బరు ఎంతసేపు పట్టుకుంటుంది? మ్యాట్ ఎత్తి చూస్తే కింద అప్పుడే జిగట. నా చేతిలోకి కాబట్టి సరిపోయింది. నాయినమ్మ ఆ హ్యాండిల్‌ని నమ్మి బరువు వేసి ఉంటే? ఆ మాట ఇప్పుడు రాస్తున్నా చేతులు చల్లబడుతున్నాయి. గోడకి అతికించేవి టవల్ వేసుకోవడానికి పనికొస్తాయి, మనిషి బరువుకి కాదు. టవల్ రాడ్డు కూడా అంతే, మనిషి పట్టుకుంటే మేకులతో సహా ఊడొస్తుంది.

ఆ పొద్దున్నే పాలమూరు నుంచి అత్తమ్మ ఫోన్ చేసింది. నాన్నకి చెల్లెలు, నాయినమ్మకి ఒక్కతే బిడ్డ.

"హ్యాండిలు సంగతి తర్వాత. నీకు తెల్సా, అమ్మ పగటి అన్నం తిన్నంక నీళ్లు తాగుతలేదు."

"ఎందుకు?"

"ఎందుకేందిరా. రాత్రి లేవాలె గద."

నాకు అర్థం కాలేదు. అత్తమ్మే విడమరిచి చెప్పింది. నాయినమ్మ సండాసు గదిని కట్టినప్పటి నుంచి వాడనే లేదట. అది కింద కూర్చునే రకం. ఆమెకి మోకాళ్లు ముడవవు. కూర్చుంటే లేవలేదు. అందుకని ఇంటి వెనక చింతచెట్టు దగ్గరికి పోయి, చెట్టుకి ఆనుకుని సగం వంగి కానిస్తుంది. చీకట్లో అంత దూరం నడవలేక నీళ్లే మానేసింది. నీళ్లు తాగకపోతే మలబద్ధకం, మూత్రంలో మంట, పొద్దున లేవగానే కళ్లు తిరగడం. కళ్లు తిరిగితే మళ్లీ పడటం.

"నాకు చెప్పలేదు," అన్నాను.

"నీకెట్ల చెప్తదిరా మొగపోరనికి? మీ నాయినకే చెప్పలె."

డెబ్బై ఏళ్లు విషపు నీళ్లు తాగిన మనిషి. మంచినీళ్లు వాకిట్లోకి వచ్చాక భయపడి తాగడం లేదు. ఆ నల్లా వైపు చూస్తూ కాసేపు కూర్చున్నాను. తర్వాత బ్యాగు సర్దుకున్నాను, పాలమూరు పోవడానికి. ఎందుకంటే మా మామ టైల్స్ మేస్త్రీ.

కొండమల్లేపల్లిలో జడ్చర్ల వైపు బస్సు దొరికింది. కల్వకుర్తి మీదుగా పోతుంది. నల్గొండ దాటి పాలమూరులోకి వచ్చామని బోర్డులు చూడకుండానే తెలుస్తుంది. నేల ఇంకాస్త ఎర్రబడుతుంది, చెట్ల మధ్య దూరం పెరుగుతుంది. ఈ నేల మీద బతకలేక జనం ఊళ్లకి ఊళ్లు తాళాలేసి పోయారు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. ఎక్కడ డ్యాము కట్టినా, కాల్వ తవ్వినా వాళ్లే. ఆ తర్వాత బొంబాయి, పుణె, హైదరాబాద్ అపార్ట్‌మెంట్లు. మామ ముప్పై ఏళ్లు ఆ పనిలోనే ఉన్నాడు.

ముప్పై ఏళ్లు కింద కూర్చుని టైల్ పరిచినవాడికి ఇప్పుడు అరవై ఒకటి. గడప దాటేటప్పుడు రెండు చేతులూ చౌకట్టుకి పెడతాడు. రోజంతా మోకాళ్ల మీద, గొంతుక్కూర్చుని చేసే పనుల్లో ఉన్నవాళ్లకి మోకీళ్ల అరుగుదల ఎక్కువగా వస్తుందని డాక్టర్లు ఎప్పటి నుంచో చెబుతున్నదే. టైల్స్ వాళ్లు, గని కార్మికులు, నాట్లేసే ఆడవాళ్లు. మామకి ఫ్లోరైడ్ లేదు, ఆయన మోకాళ్లని తిన్నది పని. దారులు వేరైనా అల్లుడూ అత్తా ఇద్దరూ ఒకే చోటికి చేరారు, కింద కూర్చోలేని చోటికి.

నేను హ్యాండిల్ కథ చెప్తే నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు. ప్రశ్నలు వేశాడు.

"అత్త పడ్డది లోపలికి పొయ్యేటప్పుడా, తానం చేసేటప్పుడా, లేసేటప్పుడా?"

తెలియదు.

"ఏ చేత్తోని పట్టుకుంటది?"

తెలియదు.

"తలుపు లోపలికి తెరుసుకుంటదా, బయటికా?"

లోపలికి అనుకుంటా.

"గోడ నాలుగించులదా తొమ్మిదించులదా?"

తెలియదు.

"మరి ఏం చూసి కొన్నవురా సామాను?"

"రేటింగ్ చూసి మామా," అన్నాను. అప్పుడు నవ్వాడు.

తనే చెప్పాడు, బొంబాయిలో పెద్ద పెద్ద హోటళ్లలో వికలాంగుల బాత్రూమ్‌లు కట్టాడట. రాడ్డు ఎంత లావుండాలి, గోడకి ఎంత దూరముండాలి అన్నీ కాయితం మీద ఉండేవట. ఇంచుంపావు నుంచి ఇంచున్నర లావు. అంతకన్నా లావైతే కీళ్లనొప్పుల వేళ్లు చుట్టుకోవు, సన్నగా ఉంటే పట్టు చిక్కదు. గోడకీ రాడ్డుకీ మధ్య ఇంచున్నర సందు. ఎక్కువైతే చెయ్యి జారి మోచెయ్యి దాకా ఇరుక్కుంటుంది. "హోటల్ల అందరికీ ఒకే లెక్క. ఇంట్ల గట్ల కాదు. ఇంట్ల మనిషి ఒకరే ఉంటరు. మనిషిని చూసి పెట్టాలె."

సాయంత్రం మామ నన్ను పిల్లలమర్రికి తీసుకెళ్లాడు, ఊరికే. పాలమూరు వచ్చి మర్రి చూడకుండా పోతే అత్తమ్మ ఊరుకోదు. ఏడొందల ఏళ్ల చెట్టంటారు. మూడెకరాల మేర ఊడలు దిగి ఏది మొదలో తెలియదు. 2017 చివర్లో ఒక పెద్ద కొమ్మ విరిగిపడింది. చూస్తే చెట్టంతా చెద. 2018లో ఆస్పత్రిలో మనిషికి పెట్టినట్టు సెలైన్ సీసాలు వేలాడదీసి చెదల మందు ఎక్కించారు. ఆ ఫొటో అప్పట్లో అందరి వాట్సాప్‌లోకీ వచ్చింది, మీకు గుర్తుండే ఉంటుంది. బరువు మోయలేని కొమ్మల కింద ఊతంగా స్తంభాలు కూడా కట్టారు. మామ వాటిని చేత్తో తట్టి చూస్తూ, "మంచిగ పెట్టిన్రు. బరువు యాడ పడుతున్నదో ఆడ పెట్టిన్రు," అన్నాడు. వృత్తి బుద్ధి ఎక్కడికి పోతుంది.

మర్నాడు ముగ్గురం బయల్దేరాం. అత్తమ్మ రావాల్సిందే, ఎందుకో మా ఊరు చేరాక తెలిసింది.

నాయినమ్మకి విషయం తెలియగానే కొంగు తల మీదికి లాక్కుని గదిలోకి పోయింది. బయటికి రాదు. "అల్లునితోటి సండాసు పని చేపిచ్చుకుంటనా? గింత సిగ్గుమాలిన పని ఉంటదా? ఊరంత నవ్వది?" అని లోపల్నుంచి. మామ పెరట్లో నిలబడి గొంతు పెంచి, కానీ గోడకి చెప్తున్నట్టు, "నేను అల్లున్ని గాదు, మేస్త్రీని. కూలి తీసుకుంట," అన్నాడు. అత్తమ్మ అటూ ఇటూ తిరుగుతూ మాటలు చేరవేసింది. పడింది ఎప్పుడో అప్పుడు తెలిసింది. స్నానం అయ్యాక చిన్న పీట మీంచి లేచేటప్పుడు. పీట ఎత్తు ఆరంగుళాలుంటుందేమో, దాదాపు నేల మీద కూర్చున్నట్టే.

మామ బాత్రూమ్‌లోకి పోయి టేపు తీయలేదు. ఫోన్ టార్చ్ వేసి గోడని చూశాడు. నన్ను పిలిచాడు.

"ఏం కనపడుతున్నది?"

టైల్స్ మీద, నా నడుముకి కాస్త పైన, అరచేయి మేర మసకగా జిడ్డు మరక. తలుపు చౌకట్టు మీద ఇంకొకటి, రంగు కూడా పోయింది. మెట్ల పక్క గోడకి మూడోది.

"ఏండ్ల సంది అత్త చెయ్యి ఆడనే పడుతున్నది. మనం కొలిచేదేం లేదు. ఆమె గుర్తు పెట్టిపోయింది."

ఆ మరకల్ని నేను రెండు రోజుల కిందే చూశాను. మురికి అనుకున్నా. నిజం చెప్పాలంటే హ్యాండిల్ అతికించే ముందు వాటిలో ఒకదాన్ని తుడిచాను కూడా.

మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇది చదవడం ఆపి ఒకసారి బాత్రూమ్ గోడ, తలుపు, వాష్‌బేసిన్ అంచు చూసి రండి. వాళ్ల చెయ్యి దేన్ని నమ్ముకుందో అక్కడ కనిపిస్తుంది. కుళాయిని పట్టుకుని లేస్తున్నారా? టవల్ రాడ్డునా? ఆ చోటే గట్టి రాడ్డు కావాల్సిన చోటు.

పని రెండు రోజులు పట్టింది. మా గోడ నాలుగంగుళాల సిమెంటు ఇటుకది. దానికి మామూలు స్క్రూలు కొడితే కొన్నాళ్లకి వదులైపోతాయట. అందుకని మామ గోడకి ఆరపారా తొలిచి, పొడుగు బోల్టులు దూర్చి, వెనక పక్క ఇనుప పట్టీ వేసి నట్లు బిగించాడు. మాల్‌లో వెల్డింగ్ షాపు అతను స్టీలు పైపు వంచి చివర్లకి పట్టీలు అతికించి ఇచ్చాడు. బిగించాక మామ నన్ను వేలాడమన్నాడు. వేలాడాను. తర్వాత నాన్నని. నాన్న తొంభై కిలోలు. రాడ్డు కదల్లేదు.

పీట తీసేశాం. దాని చోట నాలుగు కాళ్లకీ రబ్బరు బూట్లున్న, చేతులున్న గట్టి కుర్చీ. ఇక్కడ ఎత్తు ముఖ్యం. కూర్చుంటే మోకాళ్లు తుంటి కన్నా పైకి రాకూడదు, పాదాలు పూర్తిగా నేల మీద ఆనాలి. నాయినమ్మకి పద్దెనిమిది అంగుళాలు సరిపోయింది. పల్చటి ప్లాస్టిక్ కుర్చీ తేవద్దన్నాడు మామ. తడి నేల మీద దాని కాళ్లు విచ్చుకుపోతాయట.

హాల్ టైల్స్ పగలగొడదామన్నాను. "ఎందుకు పైసల్ దండుగ," అని మామ పాత షాబాద్ బండల్నే, అవే, నాయినమ్మ వెనకటి బండల్నే టైల్స్ మీద పరిచి, నీళ్లు తూము వైపు పోయేలా వాలు పెట్టాడు. నీళ్లు నిలవకపోతే పాచి పట్టదు. గుండ్రని కుళాయి తీసి పొడుగు మీట ఉన్నది పెట్టాడు. వేళ్లతో తిప్పనక్కర్లేదు, మోచేత్తో నెట్టినా తెరుచుకుంటుంది. బకెట్లో వేసే హీటర్ రాడ్డు సంగతి వచ్చినప్పుడు మాత్రం మామకి నిజంగా కోపమొచ్చింది. దాన్ని తీసి అటక మీదికి విసిరేశాడు. వేడినీళ్లు ఎవరో ఒకరు కాచి, చల్లనీళ్లు ముందు పోసి, తర్వాత వేడివి కలిపి పెట్టాలి. ఆ పని అమ్మది అని ఇంట్లో తేలబోయింది. నాన్నదని అత్తమ్మ తేల్చింది.

ఎక్కువ చర్చ సండాసు దగ్గర. బేసిన్ తీసి కమోడ్ పెడదామన్నాను. గది మూడడుగులు, నాలుగడుగులు. అందులో కమోడ్ పెడితే తిరగడానికి చోటుండదు. పైగా మిగతా ఇంట్లోవాళ్లకి కింద కూర్చునేదే అలవాటు. మామ చెప్పింది మధ్యలో కన్నమున్న ఇనుప స్టూల్. బేసిన్ మీద సరిగ్గా కూర్చుంటుంది, కావాలంటే తీసేయొచ్చు. మందుల షాపుల్లో, సర్జికల్ షాపుల్లో కమోడ్ స్టూల్ అంటే ఇస్తారు. పక్క గోడకి ఒక రాడ్డు. తలుపు ఊడదీసి బయటికి తెరుచుకునేలా తిప్పాడు. లోపల మనిషి తలుపుకి అడ్డంగా పడితే, లోపలికి తెరుచుకునే తలుపు ఎవరూ తీయలేరు. ఈ ముక్క విన్నాక హైదరాబాద్‌లో నా గది బాత్రూమ్ తలుపు వైపు చూసే పద్ధతే మారిపోయింది. గడియ కూడా బయట్నుంచి తీయగలిగేది పెట్టాడు.

వికలాంగులకి ఇంటి మరుగుదొడ్డి ఎలా కట్టాలో చెబుతూ కేంద్రప్రభుత్వం 2015లోనే ఒక పుస్తకం తెచ్చింది. స్టూళ్లు, రాడ్లు, వాలుదారులు బొమ్మలతో సహా అందులో ఉన్నాయి. అదే రోజుల్లో ఊరూరా మరుగుదొడ్లు లేచాయి. ఫ్లోరైడ్ ఊళ్లలో, మోకాలు ముడవని మనుషులున్న ఇళ్లలో కూడా కింద కూర్చునేవే వచ్చాయి. మా వీధిలో నేను లెక్కపెట్టాను. ఆరిళ్లలో పెద్దవాళ్లు కర్రతో నడుస్తారు. మూడిళ్లలో సండాసు గదుల్లో కట్టెలున్నాయి. నాలుగోదాంట్లో మేకపిల్ల ఉంది.

మెట్ల దగ్గర నేను వాలుదారి అన్నాను, చదువుకున్నవాణ్ణి కదా. మామ లెక్క చెప్పాడు. ఒక అంగుళం ఎత్తుకి పన్నెండు అంగుళాల పొడవు. పద్నాలుగు అంగుళాలు ఎక్కాలంటే పద్నాలుగు అడుగులు. మా పెరట్లో ఎనిమిదే ఉన్నాయి. పొట్టిగా కడితే నిటారుగా జారుడుబల్ల అవుతుంది. అందుకని రెండు మెట్లని నాలుగు చేశాడు, మూడున్నర అంగుళాల ఎత్తువి, పాదం పూర్తిగా పట్టేంత వెడల్పువి. ప్రతి మెట్టు అంచుకీ పసుపు రంగు గీత. పక్కన పైపు.

మర్రిగూడ మండలం శివన్నగూడెం మాకు దగ్గరే. అంశాల స్వామిది ఆ ఊరే. ఫ్లోరైడ్ అంటే టీవీల్లో మీరు చూసిన మొహం ఆయనదే. వాజ్‌పేయి ప్రధానిగా ఉన్న రోజుల్లో జలసాధన సమితి దుశర్ల సత్యనారాయణ బాధితుల్ని ఢిల్లీ దాకా తీసుకెళ్తే, ప్రధాని ముందు చిన్న పిల్లాడిలా కనిపించిన స్వామి అక్కడున్నారు. నీళ్ల కోసం అంత పోరాడిన మనిషి. 2023 జనవరిలో ఇంటి దగ్గర కిందపడి, తలకి దెబ్బ తగిలి పోయారు. మామ ఆఖరి మెట్టుకి సిమెంటు మెత్తుతుండగా నాన్న ఈ మాట తీశాడు. కాసేపు ఎవరం మాట్లాడలేదు. మామ ఆ మెట్టుని ఇంకోసారి లెవెల్ చూశాడు.

రెండో రోజు సాయంత్రానికి సిమెంటు ఆరలేదు. మూడో రోజు అత్తమ్మ నాయినమ్మని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. మగవాళ్లం ముగ్గురం ఇంటి ముందుకి పోయి, పని లేకపోయినా నల్లా చుట్టూ నిలబడ్డాం. లోపల్నుంచి మాటలు వినిపిస్తున్నాయి. "జర ఇటు... ఆ, పట్టుకో... గట్టిగ." తర్వాత నిశ్శబ్దం. తర్వాత నీళ్ల చప్పుడు. బాగా ఎక్కువసేపు నీళ్ల చప్పుడు. అత్తమ్మ బయటికొచ్చి, "ఒక్కతే ఉంటదంట. నన్ను పొమ్మన్నది," అంది.

నాయినమ్మ వచ్చి మంచం మీద కూర్చుంది. తడి జుట్టు. పొగడ్త ఏమైనా వస్తుందని మామ అటువైపు చూడకుండా చెవి మాత్రం అటే పెట్టాడు. "రాడ్డు సల్లగున్నది," అంది అత్తమ్మతో. అంతే. కాసేపాగి, "చలికాలం గుడ్డ చుట్టుమను," అంది.

ఆ రాత్రి నేను పెరటి గుమ్మం దగ్గర పడుకున్నాను. ఆన్‌లైన్‌లో తెప్పించిన మూడు వస్తువుల్లో పనికొచ్చింది బల్బొక్కటే. దాన్ని మెట్ల దగ్గరికి మార్చాం. రాత్రి ఎప్పుడో ఆ వెలుగు మొహం మీద పడి మెలకువొచ్చింది. నాయినమ్మ కుడి చేత్తో పైపు పట్టుకుని, ఒక్కో మెట్టుకి రెండు పాదాలూ కలుపుకుంటూ ఎక్కుతోంది. పట్టీ కట్టిన ఎడమ చెయ్యి గుండెకి ఆనించుకుంది. లేచి పట్టుకుందామనుకున్నా. లేవలేదు. నేను చూస్తున్నానని తెలిస్తే ఇంక రాదు. నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకుని మెట్లు లెక్కపెట్టాను. ఎక్కేటప్పుడు నాలుగు. కాసేపటికి దిగేటప్పుడు నాలుగు. తర్వాత మంచం పక్కన చెంబు మూత తీసిన చప్పుడు, గుటకలు.

పొద్దున మామ కూలి లెక్క నిజంగానే చెప్పాడు. సామానుతో కలిపి నాలుగు వేల ఎనిమిదొందలు. నాయినమ్మ కొంగు ముడి విప్పి, అత్తమ్మ చేతికిచ్చి, "మేస్త్రీకి ఇయ్యి," అంది. మామ లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకున్నాడు. వద్దంటే ఆమె ఒప్పుకోదని అందరికీ తెలుసు.

వాళ్లని బస్సెక్కించడానికి మాల్ దాకా వెళ్లాను. మామ చేతిలో మిగిలిన స్టీలు పైపు ముక్క ఉంది, రెండున్నర అడుగులు ఉంటుంది, గోనెపట్టాలో చుట్టి. కండక్టరు ఆపాడు.

"ఏందది పెద్దాయినా?"

మామ ఒక చెయ్యి బస్సు రాడ్డుకి, ఇంకో చెయ్యి సీటుకి పెట్టి మెట్టెక్కడానికే అవస్థ పడుతున్నాడు. వెనక నుంచి అత్తమ్మ జవాబిచ్చింది.

"మా ఇంటికి అయ్యా. ముప్పై ఏండ్లాయె, మా బాత్రూముల ఒక్క రాడ్డు లేదు."